అద్దె లెన్సూ, గూడబాతులూ, మా బావమరిదీ

మొదటి రోజు, అమీన్‌పూర్

మా ఇంటి నుంచి అమీన్‌పూర్ చెరువుకి బండి మీద పది నిమిషాలు. నాలుగేళ్ళుగా ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా గట్టు మీద ఉంటాను, వానొస్తే తప్ప. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు ఇది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. నగరంలో ఉన్న చెరువుకి అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. నా దగ్గర ఉన్నదల్లా పాత కెమెరా, ఒక 70-300 జూమ్ లెన్సు (అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది). నాలుగేళ్ళూ దాంతోనే లాక్కొచ్చాను.

ఈసారి సంక్రాంతికి అత్తారింటికి గుడివాడ వెళ్తున్నాం. అక్కణ్ణించి కొల్లేరు ఎంతో దూరం లేదు, ఎలాగూ సెలవు పెడుతున్నాను కాబట్టి అట్నించటు పులికాట్ దాకా పోయి వద్దామని ప్లాన్ వేసి, పన్నెండు రోజులకి ఒక 200-600 లెన్సు అద్దెకి తెచ్చాను. అద్దె ఎంతో మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, అందుకే ఇక్కడా రాయను.

దాన్ని ముందు ఇంటి దగ్గర వాడి చూద్దామని ఈ పూట చెరువుకి తీసుకెళ్ళాను. మునుగుడు కోడి ఒకటి దగ్గర్లోనే ఉంది. అది మునిగాక నేను మనసులో లెక్కపెడతాను. పన్నెండు, పదమూడు, పదిహేను లోపు ఎక్కడో అక్కడ తేలుతుంది, ఎక్కువసార్లు తను ముందు చూసిన వైపే. ఇది ఏ పుస్తకమూ చెప్పలేదు, చలికి ముక్కు కారుతుంటే అక్కడ కూర్చుని నేర్చుకున్నదే. కొత్త లెన్సుతో మాత్రం అది తేలిన చోటు కంటికి కనిపిస్తోంది గానీ కెమెరాలోకి రాదే! 600 దగ్గర కనపడేది నీళ్ళలో చిన్న ముక్క, ఆ ముక్కలో పిట్టని వెతికేలోపు అది మళ్ళీ మునుగుతుంది. పైగా జూమ్ రింగు 400 దగ్గర పట్టేస్తోంది. షాపుకి ఫోన్ చేస్తే "వాడేకొద్దీ లూజవుతుంది సార్" అన్నాడు. సరే అనుకున్నాను.

రెండు నుంచి అయిదో రోజు దాకా, గుడివాడ

విజయవాడ హైవే మీద పండగ రద్దీ గురించి కొత్తగా రాయడానికేమీ లేదు. భోగి, సంక్రాంతి, అరిసెలు, మళ్ళీ అరిసెలు. కనుమ రోజు తెల్లారగట్ల కెమెరా సంచీ భుజానేసుకుని బయల్దేరబోతుంటే మా అత్తగారు గుమ్మంలోనే ఆపేశారు. "కనుమ నాడు కాకైనా కదలదంటారు, మీరెక్కడికి బాబూ?" కాకి కదలకపోతే నేను వెళ్ళి మాత్రం ఏం చూస్తాను, అదీ నిజమే అని ఆగిపోయాను.

ఇక్కడ మా బావమరిది గురించి చెప్పాలి. ముదినేపల్లి వైపు చేపల చెరువు కౌలుకి చేస్తాడు. బొచ్చె, శీలావతి. నీటికాకి కనపడితే టపాకాయ వెలిగించే మనిషి. చెరువులో పిల్ల వేసిన కొత్తలో నీటికాకులు గుంపుగా దిగితే ఒక పూటలో ఎంత నష్టమో రూపాయల్లో చెప్పగలడు. కారు తనది, తోలేదీ తనే, కాబట్టి ప్రయాణమంతా ఈ వాదన వినక తప్పదని నాకు ముందే తెలుసు. "పిట్టల్ని చూడ్డానికి నెల్లూరు దాకా డీజిలు పోసుకుని వెళ్ళడం ఏంటండీ బావగారూ, మా చెరువు మీదికి రండి, ఊరికే చూపిస్తా" అన్నాడు. వస్తానని మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు, ఎందుకో నాకు తర్వాత అర్థమైంది, నెల్లూరు చేపల పులుసు కోసం.

ఆరో రోజు, ఆటపాక

ముక్కనుమ. అయిదింటికే బయల్దేరాం. ముదినేపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, వాటి మీద దుప్పటి కప్పినట్టు మంచు, ఎక్కడో రొయ్యల చెరువులో ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కైకలూరు పక్కనే, కొల్లేరులో, ఆటపాక పక్షుల కేంద్రం. కారు దిగి లెన్సు తీశానో లేదో అద్దమంతా తెల్లగా ఆవిరి. మా వాడు దారంతా అద్దాల మీద మంచు పోవడానికి ఏసీ వేసి ఉంచాడు, చల్లబడ్డ లెన్సు తేమగాలిలోకి రాగానే అంతే. ఇరవై నిమిషాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తుడవకూడదు, తుడిస్తే మళ్ళీ పడుతుంది. సంచీలోనే ఉంచి మెల్లగా బయటి వేడికి అలవాటు చేయాలి. ఈ సంగతి తెలిసి కూడా మర్చిపోయాను.

మంచులోంచి ముందు వినపడేది గూడబాతు (పెలికాన్) పిల్లల గోల. పెద్దవి దాదాపు నోరెత్తవు, గోలంతా పిల్లలదే. నీళ్ళ మధ్య మట్టి దిబ్బల మీద ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, చెట్ల బదులు. ఒక్కో స్టాండు మీద అంతస్తులు అంతస్తులుగా గూళ్ళు, కింద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ, మధ్యలో ఎర్రకాళ్ళ కొంగలు. గూడ అంటే పూర్వం కాలవలోంచి పొలానికి నీళ్ళు తోడిన బుట్ట, ఇద్దరు చెరో పక్క తాళ్ళు పట్టుకుని ఊపేవాళ్ళు. ఈ పక్షి ముక్కు కింద సంచీ చూస్తే పేరెందుకు పెట్టారో అడగక్కర్లేదు. ఇంగ్లీషు పేరు, స్పాట్-బిల్డ్ పెలికాన్, ముక్కు మీది చుక్కల్ని చూసింది, మనవాళ్ళు అది చేసే పనిని చూశారు. నాకు మన పేరే నచ్చుతుంది. పిల్ల మేత తినాలంటే తల మొత్తం తల్లి గొంతులోకి దూరుస్తుంది, దూరం నుంచి చూస్తే తల్లి పిల్లని మింగేస్తోందేమో అనిపిస్తుంది.

ఎగిరే గూడబాతుల ఫొటోల కోసం షట్టర్ 1/2000లో పెట్టి, మంచులో తెల్ల పక్షి బూడిద రంగులోకి పోకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుతురు) ఒక మెట్టు పెంచి, లెన్సు ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. ఏడయింది, ఎనిమిదయింది. ఒకటీ లేవదు. భుజాలు లాగేస్తున్నాయి. మా వాడు పక్కన టీ తాగుతూ, "తొమ్మిదిన్నర దాకా లేవవు బావగారూ, దించేయండి" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"మా చెరువు మీదికి పదింటికి గానీ రావు. ఎండెక్కాలి, గాలి వేడెక్కాలి, అప్పుడు రెక్కాడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెళ్ళి అక్కణ్ణించి జారుకుంటూ వస్తాయి. పొద్దున్నే లేస్తే వాటికి ఒళ్ళు నొప్పి. మా కాపలావాడు కూడా తొమ్మిదిన్నరకే డ్యూటీ ఎక్కుతాడు."

తొమ్మిదీ ముప్పై అయిదుకి మొదటి గుంపు లేచింది. ఇరవై దాకా ఉన్నాయి. వాడు చెప్పినట్టే, ఒకే సుడిలో, తొందర లేకుండా. నేను పుస్తకాల్లో చదివిందీ ఇదే, కాకపోతే టైము సహా చెప్పింది మాత్రం చేపల చెరువు మనిషి.

తర్వాత పడవ ఎక్కాం. పడవలో కూర్చున్నప్పుడు వాడు కొల్లేరు గురించి తన బాధ మొదలుపెట్టాడు. 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు) దాకా అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మా వాళ్ళలోనూ ఒకరి చెరువు పోయింది, ఇదీ వాడి లెక్క. నా లెక్క వేరు. 1946లో నీలకంఠన్ అనే పక్షి పరిశోధకుడు పశ్చిమగోదావరిలో ఆరేడు అనే ఊళ్ళో చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు చూసి రాశాడు, తర్వాత అక్కడ గూళ్ళు లేకుండా పోయాయి. సరస్సంతా చెరువులుగా కట్టేస్తే బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద సముద్రానికి దారైన ఉప్పుటేరులోకి ఎలా పోతుంది అని అడిగాను. "వరద మా ఇంట్లోకీ వచ్చిందండీ, నాకు తెలీదా" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. పడవవాడు మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్క కాలవలో ఎర్రకాళ్ళ కొంగ ఒకటి, ముక్కు సగం తెరిచి నీళ్ళలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ, ఒక కాలితో బురద కదుపుతూ మేస్తోంది. కళ్ళతో వెతకదు, చేప ముక్కుకి తగిలిందా టక్కున మూసేస్తుంది. లెన్సు ఎత్తేసరికి 400 దగ్గర పట్టేసింది. కొంగ వెళ్ళిపోయింది.

ఏడో రోజు, ఉప్పలపాడు

గుంటూరుకి ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుందేమో, మామూలు ఊరు, ఊరి చెరువు, చెరువులో సర్కారు తుమ్మలు, ఇక్కడా కొన్ని ఇనుప స్టాండ్లు, వాటి మీద చోటు లేకుండా పక్షులు. అభయారణ్యం గేటూ టిక్కెట్టూ దాటి వెళ్ళే చోట్లకీ దీనికీ పోలిక లేదు. ఒక ఇంట్లో బట్టలారేశారు, దండేనికి ఇవతల చీరలు, అవతల ఎర్రకాళ్ళ కొంగలు. వాసన గురించి ముందే చెప్పాలి, మొదటి అయిదు నిమిషాలు కష్టం, తర్వాత ముక్కు దానంతటదే మానేస్తుంది.

ఇక్కడ నా అద్దె లెన్సు పనికిరాలేదు. 200 దగ్గర కూడా కొంగ తల మాత్రమే పడుతోంది. పాత 70-300 బయటికి తీశాను, మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన ఫొటోల్లో సగం దాంతో తీసినవే. మధ్యాహ్నం ఎండ గూళ్ళ మీద పడుతుంటే తల్లి కొంగలు ఎండకి వీపు తిప్పి, రెక్కలు గొడుగులా విప్పి, పిల్లల మీద నీడ పడేలా నిలబడ్డాయి. ఒక పక్షి గంటంబావు అలాగే ఉంది, నేను టైము చూశాను. నీడ కదిలితే అదీ ఒక్కడుగు జరిగేది. దీన్ని వీడియో తీయాలని తట్టనే లేదు, ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

కంకణాలనే పిట్టలు కూడా బోలెడు, తెల్ల ఒళ్ళు నల్ల తల. వెనక చెట్ల నీడ నల్లగా ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువ లాగి తెల్లని ఈకల్ని సున్నం గోడ చేసేస్తుంది, ఇక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించాలి, ఆటపాకలో చేసిన దానికి సరిగ్గా తలకిందులు. నలభై ఫొటోలు పోయాక గుర్తొచ్చింది.

ఒక ముసలామె మా అవస్థ చూసి, "ఆ ఎండలో ఏం నిలబడతారయ్యా, మా డాబా మీదికి ఎక్కండి, అక్కడైతే సాయంత్రం వెలుతురు బావుంటది" అంది. ఎంతమంది ఫొటోలవాళ్ళని చూసిందో మరి, వెలుతురు సంగతి కూడా తెలుసు. డాబా మీద ఉండగానే ఒక గూడబాతు పైనుంచి పోతూ పోతూ నా అద్దె లెన్సు మీద రెట్ట వేసింది. సంచీ మీద పెట్టి ఉన్నది, సరిగ్గా జూమ్ రింగు మీద. మా బావమరిది మెట్ల మీద కూర్చుండిపోయి నవ్వాడు. "కౌలు కట్టించుకున్నాయండీ" అన్నాడు.

అయిదున్నర దాటాక గులాబీ గోరింకలు వచ్చాయి. ముందు ఒక పొగలాగా, తర్వాత ఇంకో పొగ, రెండూ కలిసి చెరువు మీద ముడుచుకుంటూ విచ్చుకుంటూ, ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి తుమ్మల్లోకి రాలిపోయాయి. రెక్కల చప్పుడు వాన మొదలైనట్టు ఉంటుంది. కెమెరా పక్కన పెట్టేశాను.

ఎనిమిదో రోజు

గుంటూరు, ఒంగోలు, కావలి, నెల్లూరు. నెల్లూరులో చేపల పులుసు, మా వాడు రెండుసార్లు వడ్డించుకున్నాడు, మామిడికాయ ముక్క పడిందని మెచ్చుకున్నాడు. రాత్రికి సూళ్ళూరుపేటలో లాడ్జి. కాళంగి పక్కన చెంగాళమ్మ గుడికి వెళ్ళొచ్చాం. గుడికి తలుపులుండవు, రాకెట్ పైకి పంపే ముందు షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పెద్దలు ఇక్కడికే వచ్చి దణ్ణం పెట్టుకుంటారు. రేపు రాజహంసలు (ఫ్లెమింగోలు) కనపడాలని నేనూ పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజు, పులికాట్

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సుని చీల్చుకుంటూ పోతుంది. పొద్దున ఆరింటికి రెండు పక్కలా నీళ్ళు, ఆకాశం ఏదో నీళ్ళేవో తెలీని రంగు. చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్ద ఉప్పునీటి సరస్సు, కానీ లోతు లేదు, చాలా చోట్ల నడుము దాకా కూడా రావు. షార్ గేటు దగ్గర్లో కెమెరా తీయకూడదు, అందుకే అటకానితిప్ప దగ్గర ఆగాం.

రాజహంసలు ఉన్నాయి. చాలా ఉన్నాయి. దూరంగా ఒక గులాబీ గీత. 600తో కూడా గీత కాస్త లావైందంతే. ఏడున్నర దాటాక ఎండకి నీటి మీద గాలి మరిగి, లెన్సులోంచి చూస్తే పక్షులన్నీ కరిగిన మైనంలా వణుకుతున్నాయి. ఎంత ఖరీదైన లెన్సైనా దీన్ని తీసేయలేదు. దగ్గరికి వెళ్ళడమే మార్గం అనుకుని ప్యాంటు మడిచి బురదలోకి దిగాను. నేను పది అడుగులు వేస్తే అవి పదకొండు. తొందరేమీ లేదు, మేస్తూనే, తల తలకిందులుగా నీళ్ళలో పెట్టి ముక్కుతో వడకట్టుకుంటూనే జరిగిపోతాయి. వెనక మా వాడి చెప్పు బురదలో ఇరుక్కుంది, చెప్పు కోసం వంగితే రెండోది.

"మీరు వాటి వెనక పడకండి బావగారూ," అని గట్టు మీది నుంచి కేకేశాడు. "నీళ్ళు ఎటు తగ్గుతున్నాయో చూడండి. మేత పలచని నీళ్ళలో ఉంటుంది. ఆ కర్రలు పాతిన చోట ఇందాక మోకాలు లోతుంది, ఇప్పుడు చీలమండ. అక్కడ కూర్చుందాం, అవే వస్తాయి."

కూర్చున్నాం. కొంగ జపం అంటారే, అది మేమే. గంట దాటింది. మా వాడు ఫోన్లో ఫీడు రేట్లు చూసుకుంటున్నాడు. ఒక పక్కన పొడుగు కాళ్ళ ఉల్లంకులు, ఇంకో పక్కన సూదితోక బాతులు, వాటిని చూస్తూ నేను అసలు సంగతి మర్చిపోయాను కూడా. అప్పుడు తలెత్తితే ముందు మూడు బూడిద రంగువి కనపడ్డాయి. అవి ఇంకా పిల్లలు, పుట్టగానే ఎవరూ గులాబీ కాదు, తినే నాచులూ చిన్న రొయ్యల్లాంటి పురుగులూ ఒంటపట్టాకే ఆ రంగు. వాటి వెనక పెద్దవి. ముప్పై అడుగులో నలభయ్యో. వాటి కాళ్ళు బురద తొక్కుతుంటే వచ్చే చప్పుడు వినపడింది, అంత దగ్గర. వెనక్కి వంగే ఆ ‘మోకాలు’ నిజానికి చీలమండ, అసలు మోకాలు పైన ఈకల్లో దాక్కుని ఉంటుంది, అంత దగ్గరగా చూస్తే గానీ ఆ సంగతి కంటికి నమ్మకం కలగదు.

జూమ్ వెనక్కి తిప్పాలి. రింగు కదల్లేదు. రెట్ట ఎండి పట్టేసిందో, పులికాట్ ఉప్పో, దాని పాత రోగమో, 400 దగ్గరే బిగుసుకుపోయింది. సగం సగం పక్షులు పడ్డాయి, ఒకదాని మెడ, ఇంకోదాని కాళ్ళు, నీళ్ళలో నీడలు. తర్వాత కంప్యూటర్లో చూసుకుంటే ఆ కాళ్ళ ఫొటోయే అన్నిటికన్నా నచ్చింది, ఇరవై నాలుగు గులాబీ కాళ్ళు, ఒక్క తల కూడా లేదు. మా ఆవిడ మాత్రం "తలలేవండీ?" అంది.

పదో రోజు, నేలపట్టు

దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే రెండు కిలోమీటర్లు. 1976లో అభయారణ్యం అయింది. ఇక్కడ ఇనుప స్టాండ్లు అక్కర్లేదు, చెరువులోనే నీళ్ళలో సగం మునిగి బతికే బారింగ్టోనియా చెట్లున్నాయి, వాటి మీద గూడబాతులు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, చింతవొక్కులు. లెన్సు 400లో బిగుసుకుపోయే ఉంది, దానికి తగ్గ దూరంలో ఉన్న గూళ్ళనే వెతుక్కున్నాను.

మా వాడికి మాత్రం ఇక్కడే ఆసక్తి పుట్టింది. పక్షుల రెట్టతో ఈ చెరువు నీళ్ళు ఎరువు నీళ్ళలా ఉంటాయని, కింది పొలాలకి అవే పారతాయని, అందుకే ఊళ్ళో ఎవరూ పక్షుల జోలికి పోరని అక్కడి రైతు ఒకాయన చెప్పాడు. ఎకరానికి బస్తా ఎంత మిగులుతుంది, ఏ నెలలో నీళ్ళు వదులుతారు, అని అరగంట ఆరా తీశాడు. కారెక్కాక చాలాసేపు ఆలోచించి, "అంటే నా చెరువులో తిని ఇక్కడి పొలాలకి ఎరువేస్తున్నాయన్నమాట" అన్నాడు. కైకలూరు గూడబాతు నేలపట్టు దాకా వచ్చి రెట్ట వేయదురా అని చెప్పినా వినలేదు. ఒంగోలు దాకా అదే మాట.

పదకొండు, పన్నెండో రోజులు

గుడివాడ నుంచి హైదరాబాద్, ఖాళీ రోడ్డు. రెండు వేల మూడొందల ఫొటోలు, ఉంచుకున్నవి అరవై ఒకటి. ఆఫీసుకి ముందు పొద్దున్నే అమీన్‌పూర్ వెళ్ళాను, పాత లెన్సుతో. మునుగుడు కోడి మునిగింది. పన్నెండు, పదమూడు, పద్నాలుగు, తేలింది, దొరికింది.

సాయంత్రం లెన్సు తిరిగిచ్చాను. షాపతను రింగు తిప్పి చూశాడు, తిరగలేదు, దీపం కిందికి పట్టి గోటితో గీకాడు.

"ఇదేంటి సార్, తెల్లగా?"

"గూడబాతుది."

డిపాజిట్‌లో ఎనిమిది వందలు పట్టుకున్నాడు.